ఫెరోమోన్ సెంటు కొన్నాను, ఎవరూ తిరిగి కూడా చూడలేదు

గది_నంబర్_6
రీల్స్ చూస్తుంటే పదే పదే ఒకటే యాడ్. మగవాళ్ల ఫెరోమోన్లు కలిపిన సెంటట, ఆడవాళ్ల మెదడుకి నేరుగా సిగ్నల్ వెళ్తుందట. రెండు వారాలు ఓపిక పట్టి చివరికి కొనేశాను. 10 మిల్లీలీటర్ల సీసా, 1,799 రూపాయలు. మొన్న శ్రావణంలో మా కజిన్ పెళ్లికి మెడకీ మణికట్టుకీ బాగా పట్టించుకుని వెళ్లాను. ఎదురుసన్నాహం నుంచి అప్పగింతల దాకా అక్కడే ఉన్నాను. నన్ను ప్రత్యేకంగా పలకరించింది ఇద్దరే. ఒకరు కేటరింగ్ ఆయన, "బాబూ, ఆ సాంబారు బకెట్ ఇటందుకో" అన్నాడు. రెండోది మా పెద్దత్త, "ఇంకా ఏం కుదర్లేదా" అంది.
ఇందులో ఒక వింత ఉంది. ఆ సీసాలో నాకు కొంచెం నిమ్మ వాసన తప్ప ఏమీ రావట్లేదు. నా రూమ్మేట్ మాత్రం "బస్టాండు గోడ కంపు, కిటికీ తియ్యరా" అని రోజూ గొడవ. అసలు మనుషుల్లో ఫెరోమోన్లు ఉన్నాయా, నేను మోసపోయానా? తెలిసినవాళ్లు చెప్పండి. వెక్కిరించేవాళ్లు కూడా రండి, అలవాటైపోయింది.

ఇంగువ
ముందు సాంబారు బకెట్ అందించావా లేదా?

గది_నంబర్_6
అందించాను. రెండు బంతులకి వడ్డించాను కూడా.

పత్తిచేను
తమ్ముడూ, ఫెరోమోన్లు లేకపోవడమేంటి, మా చేలోనే వేలాడుతున్నాయి. లింగాకర్షక బుట్టలంటారు. పైన ప్లాస్టిక్ మూత, దాని కింద ఇంజక్షన్ సీసా బిరడా లాంటి చిన్న రబ్బరు ముక్క, అదే ఎర. దాని కింద గరాటు, గరాటుకి వేలాడే పొడుగు కవరు. గులాబీ రంగు పురుగు ఆడది వదిలే వాసనని ఆ రబ్బరు ముక్కకి పట్టిస్తారు. మగ రెక్కల పురుగు పెళ్లాం పిలిచిందనుకుని వస్తుంది, తిరిగి తిరిగి కవర్లో పడుతుంది. పొద్దున్నే వెళ్లి లెక్కపెడతాం. వరసగా మూడు రాత్రులు బుట్టకి ఎనిమిది చొప్పున పడితే మందు కొట్టే టైమ్ వచ్చిందని గుర్తు. మా బాబాయి ఆ రబ్బరు ముక్కని ఉత్త చేత్తో ముట్టనివ్వడు, చేతి వాసన అంటుకుంటుందని.
నీ సీసా సంగతి నాకు తెలీదు కానీ పురుగుల్లో మాత్రం ఇది నూటికి నూరుపాళ్లు నిజం.

ఇంగువ
అంటే మన తమ్ముడు నడిచే లింగాకర్షక బుట్ట అన్నమాట. ఎర అయిపోయింది, మార్చుకో.

సూక్ష్మదర్శిని
పత్తిచేను గారు చెప్పినదాంట్లోనే సగం జవాబుంది. గులాబీ రంగు పురుగు ఎరలో ఉండేవి రెండే అణువులు, దాదాపు సగం సగం. అదే ఎరకి శనగపచ్చ పురుగు రాదు, దాని ఎర వేరు. ఆ జాతికి ఆ వాసన, అది తగిలితే ఆ పని, మధ్యలో ఆలోచన లేదు. 1959లో కార్ల్‌సన్, లూషర్ అనే ఇద్దరు ఫెరోమోన్ అన్న మాటని పుట్టించింది ఇలాంటిదాని కోసమే. హార్మోన్ ఒంట్లో పనిచేస్తుంది. ఫెరోమోన్‌ని ఒక జీవి బయటికి వదిలితే అదే జాతిలోని ఇంకో జీవి మీద పనిచేస్తుంది.
ఆ ఏడాదే జర్మనీలో బూటెనాంట్ బృందం పట్టుపురుగు ఫెరోమోన్‌ని పట్టుకుంది. పేరు బాంబికాల్. దానికోసం సుమారు 5 లక్షల ఆడ పట్టు చిలకల గ్రంథులు తీసి, దాదాపు ఇరవై ఏళ్లు కూర్చున్నారు. ఒక్క అణువు తేలింది. మనుషుల విషయంలో ఇంత పని ఇప్పటిదాకా ఎవరూ పూర్తి చెయ్యలేదు. రీల్స్ కంపెనీ చేసిందంటే నేను నమ్మను.

హిందూపురం_పట్టు
మాది పట్టుగూళ్ల కుటుంబం, ఆ తమాషా నేను కళ్లారా చూశాను. గూడు చీల్చుకుని బయటికొచ్చిన ఆడ చిలక కదలకుండా ఒక మూల కూర్చుంటుంది. పొట్ట చివర పసుపు రంగు తిత్తులు రెండు ఉబ్బుతాయి, అంతే. అవతల పళ్లెంలో మగవి అప్పటిదాకా చచ్చినట్టు పడి ఉంటాయి. ఒక్కసారిగా రెక్కలు టపటపలాడించుకుంటూ గుండ్రంగా తిరగడం మొదలెడతాయి. పళ్లెం అంతా వానచప్పుడు లాగా ఉంటుంది. ఎగరలేవు పాపం, వేల ఏళ్ల పెంపకంలో ఎగరడం పోయింది. నడుచుకుంటూ పోతాయి.

గది_నంబర్_6
నేనూ ఎగరలేను, నడుచుకుంటూనే వెళ్లాను.

సూక్ష్మదర్శిని
గది_నంబర్_6, సీసా మీద ఏ పేర్లున్నాయో చూసి చెప్పు.

గది_నంబర్_6
చాలా చిన్న అక్షరాలు. ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూశాను. ఆండ్రోస్టినోన్, ఆండ్రోస్టాడైనోన్.

సూక్ష్మదర్శిని
ఎలా చెప్పాలో తెలియట్లేదు. ఆండ్రోస్టినోన్ మగ పంది ఫెరోమోన్. పోతుపంది నోట్లో నురగలో ఉంటుంది. పందుల ఫారాల్లో దీన్నే స్ప్రే డబ్బాల్లో అమ్ముతారు. ఎదకొచ్చిన ఆడపంది ముక్కు దగ్గర కొడితే వీపు బిగించి కదలకుండా నిలబడుతుంది. కృత్రిమ గర్భధారణ చేసేవాళ్లకి అది గుర్తు.

ఇంగువ
ఫోన్ పక్కన పెట్టి ఐదు నిమిషాలు నవ్వాను. శ్రావణ మాసంలో, కల్యాణ మండపంలో, మగ పంది నురగ.

గది_నంబర్_6
పెద్దత్త ఎందుకు దగ్గరికొచ్చిందో ఇప్పుడు ఆలోచిస్తున్నాను.

మోడరేటర్
పెద్దవాళ్ల మీద జోకులొద్దు.

సూక్ష్మదర్శిని
నీకు వాసన రాకపోవడం, రూమ్మేట్‌కి బస్టాండు గోడ గుర్తుకు రావడం, ఈ రెంటికీ మాత్రం మంచి వివరణ ఉంది. ఆండ్రోస్టినోన్ కొందరికి మూత్రం, చెమట కంపు. కొందరికి తియ్యగా, వెనిల్లా లాగా. కొందరికి అసలేమీ రాదు. ఓఆర్7డీ4 అనే ఒక వాసన గ్రాహకం జన్యువులో తేడాల వల్ల ఇది చాలావరకు జరుగుతుందని 2007లో తేలింది. మనకి పనిచేసే వాసన గ్రాహకాలు సుమారు 400 రకాలు, ఏ ఇద్దరి ముక్కూ ఒకటి కాదు. మగ పట్టు చిలకలన్నీ బాంబికాల్‌కి ఒకేలా రెక్కలాడిస్తాయి. మనుషుల్లో సగం మంది ముక్కు మూసుకుంటే, కొందరికి అసలు తెలియకపోతే దాన్ని ఫెరోమోన్ అని ఎలా అంటాం?

సంశయాలరావు
మీరు మరీ కొట్టిపారేస్తున్నారు. ఆండ్రోస్టాడైనోన్ మనిషి చెమటలోనే ఉంది, పందిది కాదు. దాని మీద పదుల కొద్దీ పేపర్లొచ్చాయి. మెదడు స్కాన్‌లో తేడా కనిపించిందని కూడా చదివాను. మనిషి జంతువు కాదా? కుందేలుకీ ఏనుగుకీ ఉన్నది మనకెందుకుండదు?

సూక్ష్మదర్శిని
ఉండొచ్చు, ఉండదని నేను అనలేదు. ఆండ్రోస్టాడైనోన్‌కి ఆ పదవి ఎలా వచ్చిందన్నదే నా బాధ. 1991లో పారిస్‌లో ఒక సదస్సు జరిగింది. ఖర్చు పెట్టుకుంది ఆ అణువుల మీద పేటెంట్ల ఆసక్తి ఉన్న కంపెనీ. అక్కడ చదివిన పేపర్లో ఈ అణువునీ, ఆడవాళ్లదని ఇంకోదాన్నీ మనిషి ఫెరోమోన్లు కావచ్చన్నారు. వేల వాసనల్లోంచి వీటినే ఎందుకు ఏరారో, ఎలా పరీక్షించారో అందులో లేదు. ఆ తర్వాత పాతికేళ్లు అందరూ ఆ రెంటినే పట్టుకుని వేలాడారు. ఆక్స్‌ఫర్డ్ జంతుశాస్త్రవేత్త ట్రిస్ట్రమ్ వ్యాట్ 2015లో ఈ కథంతా విప్పి రాశాడు, మొదటి మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టాలన్నాడు. 2017లో ఆస్ట్రేలియా వాళ్లు ఆ రెండు అణువులూ పీల్పించి ఫొటోల్లో ముఖాలకి మార్కులు వేయించారు. మార్కులేమీ మారలేదు.
ఇక స్కాన్ సంగతా? ఉల్లిపాయ వాసన చూపించినా మెదడులో ఏదో ఒకటి వెలుగుతుంది.
పాము, పిల్లి, ఏనుగు ముక్కులో దీనికోసం జేకబ్సన్ అవయవం అని వేరే భాగం ఉంటుంది. మనలో దాని గుంట మిగిలింది కానీ మెదడుకి వైరు లేదు. దానికి ముఖ్యమైన జన్యువు కూడా మనలో చెడిపోయి ఉంది.

పత్తిచేను
ఏనుగన్నారు కాబట్టి అడుగుతున్నా, నిజమేనా? పురుగుకీ ఏనుగుకీ ఒకే మందంట?

సూక్ష్మదర్శిని
నిజమే. ఎదకొచ్చిన ఆసియా ఆడ ఏనుగు మూత్రంలో ఉండే ఫెరోమోన్, చాలా రకాల రెక్కల పురుగులు వాడే అణువూ ఒకటే. 1996లో బయటపడింది. అయినా పురుగు ఏనుగు వెంట పడదు, ఎందుకంటే పురుగులు ఆ అణువుని వేరే వాటితో కలిపి వాడతాయి. పాళ్లు ముఖ్యం, సాంబారు పొడిలాగా.

ఇంగువ
మళ్లీ సాంబారు. పెళ్లి మర్చిపోనివ్వరా ఆ అబ్బాయిని.

హాస్టల్_మెస్
హాస్టల్లో ఒకే గదిలో ఉండే అమ్మాయిలకి నెలసరి ఒకేసారి వస్తుందంటారే, అది ఫెరోమోన్ల వల్లే కదా? మా గదిలో నలుగురం, ఫైనలియర్‌కి వచ్చేసరికి దాదాపు కలిసిపోయాయి. స్వయంగా చూసినదాన్ని ఎవరు కాదన్నా నమ్మను.

నైట్‌డ్యూటీ_సిస్టర్
నేనూ పదేళ్లు అలాగే నమ్మాను. 1971లో అమెరికాలో ఒక కాలేజీ హాస్టల్లో 135 మంది అమ్మాయిల్ని చూసి మెక్లింటాక్ అనే ఆవిడ రాసింది. తర్వాత 2006లో 186 మంది చైనా అమ్మాయిల్ని హాస్టల్లోనే ఏడాదికి పైగా గమనిస్తే అలాంటి కలయిక లేదని తేలింది. వేళ్ల మీద లెక్కేసి చూడు. ఇద్దరికీ 28 రోజులకి ఒకసారి, ఐదు రోజుల పాటు అనుకుంటే, ఏ కారణం లేకుండానే మూడింట ఒక వంతు సార్లు రోజులు కలుస్తాయి. పైగా అందరికీ 28 ఉండవు. ఒకరికి 26, ఒకరికి 31. ఒక నెల దగ్గరికొస్తాయి, ఒక నెల దూరం జరుగుతాయి. దగ్గరికొచ్చినప్పుడు ప్యాడ్లు అయిపోయి గొడవలవుతాయి కాబట్టి అదే గుర్తుంటుంది.

హాస్టల్_మెస్
ప్యాడ్ల గొడవ మాత్రం నిజం. మిగతాది ఆలోచిస్తా.

సంశయాలరావు
టీషర్టుల ప్రయోగం మాటేమిటి మరి? స్విట్జర్లాండ్, 1995. 44 మంది మగవాళ్లు రెండు రాత్రులు ఒకే టీషర్టు వేసుకుని పడుకున్నారు. సెంటు, మసాలా తిండి బంద్. 49 మంది అమ్మాయిలు వాటిని వాసన చూశారు. తమ రోగనిరోధక జన్యువులకి ఎంత తేడాగా ఉంటే ఆ టీషర్టు అంత నచ్చింది. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో ఇది తారుమారైంది. ఇది సైన్సు కాదా?

బావమరదలు_98
సంశయాలరావు గారూ, మరి మేనరికాల మాటేమిటి? నేను మా మేనత్త కొడుకునే చేసుకున్నాను, ఇష్టపడే. మీ లెక్కన నా ముక్కు పనిచెయ్యనట్టా? వేసవి సెలవులకి అత్తయ్య వాళ్లింటికి వెళ్తే బావ గదిలో కొబ్బరినూనె, క్రికెట్ కిట్టు, బీరువాలో కలరా ఉండలు, మూడూ కలిసి ఒక వాసన. ఇప్పటికీ ఆయన షర్టు ఇస్త్రీ చేసేటప్పుడు ఆ వాసన తగిలితే నాకు ఎనిమిదో తరగతి వేసవి గుర్తొస్తుంది. అది జన్యువుల వాసనో కలరా ఉండల వాసనో నాకు తెలీదు.

ఇంగువ
కలరా ఉండలకే నా ఓటు.

సూక్ష్మదర్శిని
బావమరదలు గారి పోస్టు ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చినవాటిలో గొప్పది. మనుషుల్లో వాసన పనిచేసేది ఎక్కువగా ఇలాగే, జ్ఞాపకంతో ముడిపడి. మీకు ఇష్టమైన ఆ వాసన ఇంకొకరికి తలనొప్పి. బాంబికాల్‌కి ఆ వెసులుబాటు లేదు.
టీషర్టుల ప్రయోగం నిజమే, బాగా చేశారు కూడా. అమెరికాలో హటరైట్లు అనే చిన్న మతసమాజంలో భార్యాభర్తల మధ్య ఈ జన్యువుల పోలిక అనుకున్నదానికన్నా తక్కువని 1997లో తేలింది. అదే ఏడాది దక్షిణ అమెరికా ఆదివాసుల్లో చూస్తే అలాంటిదేమీ లేదు. 2020లో పాత ప్రయోగాలన్నీ కలిపి లెక్కగడితే మనుషుల్లో ఆ ఇష్టం గట్టిగా నిలబడలేదు. అది నిజమైనా ఫెరోమోన్ అవదు. ఫెరోమోన్ అందరికీ ఒకటే, ఇది మనిషి మనిషికీ మారే ఒంటి వాసన.

చార్మినార్_అత్తరు
మాది మూడు తరాల అత్తరు దుకాణం, నా మాట కూడా వినండి. వారానికి ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు వచ్చి, గొంతు తగ్గించి, "భాయ్, అమ్మాయిలకి నచ్చేది ఉందా" అంటారు. మల్లె, ఊదు, మట్టి వాసన అన్నీ చూపిస్తాను. ఒకే మట్టి అత్తరు ఇద్దరి మణికట్టు మీద రాస్తే పావుగంటలో రెండు వాసనలు. ఒకరి మీద తొలకరి, ఒకరి మీద తడి గోనెసంచి. అందుకే రాయించుకుని బజారంతా ఒక చుట్టు తిరిగి రమ్మంటాను, తర్వాతే డబ్బులు. ఈ ఫెరోమోన్ సరుకు నా దగ్గరికీ ఏజెంట్ తెచ్చాడు. మూత తీసి చూపించమన్నాను, వద్దు భాయ్ డబ్బా మీద చదవండి అన్నాడు. అక్కడే అర్థమైంది.

సియోల్_సీను
ఇంకో కోణం. ఇక్కడ కొరియాలో అత్యధికులకి చంకల్లో దాదాపు వాసనే రాదు. ఏబీసీసీ11 అని ఒక జన్యువు, దానిలో ఒక్క అక్షరం తేడా. అదే జన్యువు వల్ల చెవిలో గులిమి కూడా పొడిపొడిగా ఉంటుంది. వచ్చిన కొత్తలో డియోడరెంట్ కోసం నాలుగు షాపులు తిరిగాను. చంక వాసనతోనే ఆకర్షణ నడిచేదైతే వీళ్లకి పెళ్లిళ్లే కాకూడదు.

సంశయాలరావు
అక్కడ జననాల రేటు ప్రపంచంలోనే అడుగున ఉంది, చూశావా?

సియోల్_సీను
అది ఇళ్ల అద్దెలు, కోచింగ్ ఫీజుల వల్ల సార్. గులిమి వల్ల కాదు.

ఇంగువ
అసలు మనవాళ్ల దగ్గర ఈ సంగతి ఎప్పుడో తేలిపోయింది. పరాశరుడు పడవెక్కినప్పుడు సత్యవతి మత్స్యగంధే. ఒంటినిండా చేపల కంపు. ఆయన ముందే మనసు పారేసుకున్నాడు. యోజనగంధిని చేసింది ఆ తర్వాత.

పత్తిచేను
యోజనం దూరం వ్యాపించే వాసనంటే ఎకరానికి పది బుట్టలు అక్కర్లేదు, మండలానికి ఒకటి చాలు.

రుచిపోయిన_రమణ
2021లో కోవిడ్ వచ్చి నాకు ఏడు నెలలు వాసన పోయింది. కాఫీ, ఇంగువ పోపు వగైరా ఎలాగో సర్దుకున్నాను. మా పాప అప్పుడు నెలల పిల్ల. స్నానం చేయించి పొడి రాసి ఒళ్లో పెడితే ఎవరి పిల్లనో ఎత్తుకున్నట్టుండేది. ఎవరికీ చెప్పుకోలేదు. పేరు ఏదైనా, ఏదో ఒకటి మాత్రం ఉంది.

నైట్‌డ్యూటీ_సిస్టర్
రమణ గారూ, చాలామంది ఆ మాట చెప్పారు, మీరొక్కరే కాదు.
నేను పనిచేసేది ప్రసూతి వార్డులో, అందుకే నాకు పెళ్లి సెంట్ల కన్నా ఈ వైపే ఆసక్తి. పుట్టిన బిడ్డని తుడిచి తల్లి పొట్ట మీద బోర్లా పడుకోబెడితే, కొద్దిసేపు అలాగే ఉండి తర్వాత కాళ్లతో నెట్టుకుంటూ పైకి పాకుతుంది. తల అటూ ఇటూ తిప్పి రొమ్ము వెతుక్కుంటుంది. కళ్లు సరిగా ఆనవు అప్పటికి. 1994లో స్వీడన్‌లో తల్లుల రొమ్ముల్లో ఒకదాన్ని కడిగి చూశారు. 30 మంది పిల్లల్లో 22 మంది కడగని వైపుకే వెళ్లారు. చనుమొన చుట్టూ నల్లటి భాగంలో చిన్న చిన్న బుడిపెలుంటాయి కదా, ఆ గ్రంథుల్లోంచి వచ్చే ద్రవాన్ని 2009లో ఫ్రాన్స్‌లో మూడు రోజుల పిల్లల ముక్కు దగ్గర పెట్టారు. వేరే తల్లిదైనా సరే, నోరు కదిపి చప్పరించడం మొదలెట్టారు.

సూక్ష్మదర్శిని
సిస్టర్ గారు రాసింది అసలైన ఆశ ఉన్న చోటు. ఎవరి తల్లిదైనా ఏ బిడ్డయినా ఒకేలా స్పందిస్తోంది, అంటే నిర్వచనానికి దగ్గరగా ఉంది. వ్యాట్ కూడా ముందు అక్కడే వెతకమన్నాడు. కుందేలు పిల్లల్లో ఇలాంటి అణువుని పాలలోంచి ఇప్పటికే పట్టుకున్నారు. మనుషుల్లో అణువు ఇంకా చేతికి చిక్కలేదు.

సంశయాలరావు
సరే, పిల్లల విషయం ఒప్పుకుంటున్నా. కన్నీళ్లది కూడా చూడండి. 2011లో ఇజ్రాయెల్ వాళ్లు ఆడవాళ్ల కన్నీళ్లు మగవాళ్లకి వాసన చూపిస్తే టెస్టోస్టిరాన్ తగ్గింది. ఏ వాసనా తెలియకుండానే.

ఇంగువ
మా ఇంట్లో తగ్గేది బ్యాంకు బ్యాలెన్సు.

హాస్టల్_మెస్
ఏడిపించకుండా ఉంటే రెండూ తగ్గవు అన్నయ్యా.

గది_నంబర్_6
అంటే తేలిందేంటి? సెంటు పంది కోసం, చెమట నా కోసం, ఫెరోమోన్ పాల కోసం. సీసా తిరిగి పంపుదామంటే మూత తీశాక వెనక్కి తీసుకోం అన్నారు. సగానికి పైగా ఉంది.

పత్తిచేను
పారెయ్యకు. బస్సు పార్శిల్లో నాకు పంపు. ఖాళీ బుట్ట ఒకటుంది, దూదికి పట్టించి కడతా. ఊరికే సరదాకి.

గది_నంబర్_6
పంపాను. 90 రూపాయలయింది. మొత్తం పెట్టుబడి 1,889.

పత్తిచేను
ఐదు రోజులైంది, రిపోర్టు రాస్తున్నా. నా ఎర ఉన్న బుట్టలో నాలుగు రాత్రులకి వరసగా 11, 9, 6, 13 పడ్డాయి. మూడో రాత్రి ఆరే కాబట్టి మందు కొట్టలేదు. తమ్ముడి సెంటు దూది బుట్టని గట్టు మీద కట్టాను. మొదటి రాత్రి సున్నా. రెండో రాత్రి సున్నా. మూడో రాత్రి ఒక కందిరీగ. నాలుగో రోజు పొద్దున వెళ్తే కర్ర విరిగి, బుట్ట బురదలో పడి ఉంది. చుట్టూ అడవిపందుల అడుగులు. దూది లేదు.

ఇంగువ
😂😂😂 పనిచేసింది!

సూక్ష్మదర్శిని
ఆగండాగండి. ఒక్క బుట్ట, ఒక్క రాత్రి. పక్క చేలో ఏముంది?

పత్తిచేను
మొక్కజొన్న. కంకి మీదుంది.

సూక్ష్మదర్శిని
అయితే కంకుల కోసమే వచ్చి ఉంటాయి. సెంటు లేని దూదితో ఇంకో బుట్ట పక్కనే కట్టి ఉంటే తెలిసేది.

గది_నంబర్_6
మొక్కజొన్నకే వచ్చి ఉండొచ్చు, కాదనను. రివ్యూలో మాత్రం ఒక స్టార్ పెంచాను.